సాక్ష్యం చెప్పాలంటే భయమా?



ఈసారి కూడా మేము బి.పి. గురించో, షుగరు గురించో, దోమతెరల గురించో రాస్తామని మీరు అనుకొని ఉంటారు. వాటి గురించి వచ్చే సంచికలో తప్పక రాస్తాం. ఈ సంచికలో వేరొక సంగతి రాయాలని మా మనస్సుకు తోచింది. స్త్రీల మైత్రి కూడికలకు వెళ్ళినప్పుడు, యవ్వనస్థుల కూడికల్లో ఆరోగ్య పాఠం చెప్పి వచ్చేటప్పుడు, ఎవరో ఒకరు మమ్మల్ని పక్కకు పిలిచి అడుగుతుంటారు: "సిస్టరమ్మా, మా పక్కింటివాళ్ళకు ప్రభువును గురించి చెప్పాలని ఎంతో ఆశగా ఉంటుంది. తీరా ఎదురుపడితే నోరు రాదు. గుండె దడదడలాడుతుంది. మా విశ్వాసంలోనే లోపం ఉందా?"

ఈ ప్రశ్నకు మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. గుండె దడదడలాడడం విశ్వాసంలో లోపం కాదు. భయమంతా పోయాక చెబుదామని కూర్చుంటే ఆ రోజు ఎప్పటికీ రాదు. ఎదుటివారు వినడానికి ఇష్టపడినప్పుడు, మనకు స్వయంగా తెలిసిన ఒక్క సంగతిని ఉన్నదున్నట్టు చెప్పడం అలవాటైతే భయం దానంతట అదే తగ్గుతుంది. అయితే ఇంకొక మాట కూడా ఉంది. అన్ని భయాలూ పోగొట్టుకోవలసినవి కావు. ఒక భయాన్ని మాత్రం మనం జాగ్రత్తగా ఉంచుకోవాలి. అదేమిటో ముందుకు చెబుతాం.

అసలు ఈ భయం ఏమిటి?

భయపడినప్పుడు మన ఒంట్లో అడ్రినలిన్ అనే పదార్థం ఎక్కువగా విడుదల అవుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, నోరు ఎండిపోతుంది, అరచేతులు చెమట పడతాయి. పాము ఎదురైనా ఇంతే, పదిమందిలో నిలబడి మాట్లాడమన్నా ఇంతే. ఇది దేవుడు మన కాపుదల కొరకు ఒంట్లో పెట్టిన ఏర్పాటు. కొద్ది నిమిషాల్లో అదే సర్దుకుంటుంది. కనుక దడ రాగానే "నా వల్ల కాదు" అని వెనక్కి తిరగనక్కరలేదు.

ఒంటి సంగతి అలా ఉంచితే, మనస్సులో ఉన్న భయాలు ముఖ్యంగా మూడు. మొదటిది నలుగురూ ఏమనుకుంటారో అన్న భయం. ఊళ్ళో వేరు చేస్తారేమో, పెళ్ళి పేరంటాలకు పిలవరేమో, ఆఫీసులో నవ్వుతారేమో అని. రెండవది మనకు తెలియదన్న భయం. వాళ్ళు ఏదైనా అడిగితే జవాబు చెప్పలేం, పాస్టరుగారైతే చెప్పగలరు అని. మూడవది, బయటికి చెప్పుకోనిది, మన బ్రతుకును చూసి వాళ్ళేమంటారో అన్న భయం. అప్పు తీసుకొని ఇవ్వనివాడు, ఇంట్లో భార్యను కొట్టేవాడు, కోడలిని సాధించే అత్తగారు ప్రభువు ప్రేమను గురించి నోరు విప్పాలంటే జంకు రావడం సహజమే. ఆ జంకుకు మందు ప్రసంగం కాదు, ఇంటిని చక్కబెట్టుకోవడమే.

మొదటి రెండు భయాలు అపొస్తలులకు కూడా తప్పలేదు. పేతురు భయపడింది రోమా సైనికుడి కత్తికి కాదు. చలిమంట దగ్గర ఒక పనిపిల్ల అడిగిన ప్రశ్నకు. మనమూ పెద్ద హింసలకంటే ముందు చలిమంట దగ్గరి ప్రశ్నలకే తడబడతాం. అదే పేతురు పెద్దవాడైన తరువాత సంఘాలకు రాసిన ఉత్తరంలో, మీ నిరీక్షణను గురించి అడిగినవారికి జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండండి, అది సాత్వికముతోను గౌరవముతోను ఉండాలి అన్న అర్థం వచ్చేలా బోధించాడు. ఆ బోధలో రెండు సంగతులు గమనించండి. అడిగినవారికి చెప్పమన్నాడు. గౌరవంతో చెప్పమన్నాడు.

మన నేల మీదే చూద్దాం

ధైర్యం అంటే దూరదేశాల మిషనరీల సంగతి అనుకుంటాం. మన గోదావరి ఒడ్డునే చూద్దాం. 1860 ప్రాంతంలో దుమ్ముగూడెం దగ్గర గోదావరి మీద ఆనకట్ట, పడవల కాలువ పనులు జరుగుతున్నాయి. వాటిని చూస్తున్న హేగ్ అనే ఇంజనీరు అధికారి తన దగ్గర పని చేసేవారితో కలిసి వాక్యం చదివేవారు, ప్రార్థన చేసేవారు. ఆ పనుల్లో గుమాస్తాగా ఉన్న వెంకటరామరాజుగారు, రాజుల కులంలో పుట్టినవారు, ప్రభువును నమ్మి బాప్తిస్మము తీసుకున్నారు. తరువాత ఆ ఉద్యోగం విడిచిపెట్టి కోయ గూడేలలో బోధకునిగా తిరిగారు. ఆ తరువాత గురువుగా అభిషేకము పొందారు. దుమ్ముగూడెంలో కోయల మధ్య చర్చి మిషనరీ సొసైటీ పని అలా మొదలైంది.

ఇందులో మనం నేర్చుకోవలసినది ఏమిటి? అక్కడ మొదటి మాట పెద్ద సభలో మైకు పెట్టి చెప్పింది కాదు. ఒక అధికారి తన కింద పనిచేసేవారితో కూర్చుని చదువుకున్న మాట అది. దానిని అడవిలోకి మోసుకుపోయింది ఒక గుమాస్తా. కులం పోతుంది, బంధువులు దూరమవుతారు అన్నది ఆ రోజుల్లో ఉత్త ఊహ కాదు. అయినా ఆయన వెళ్ళారు.

ఇంకొకరు మన పొరుగునే ఉన్న డోర్నకల్ బిషప్ అజరయ్యగారు. తమిళనాడు తిరునెల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టి, తెలుగు నేర్చుకొని 1909లో డోర్నకల్‌కు వచ్చారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకము పొందారు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయులలో మొదటి బిషప్ ఆయనే. 1945 జనవరి 1న నిద్రించేవరకు ఈ నేలనే నమ్ముకొని ఉన్నారు. ఎద్దుబండి మీద, సైకిలు మీద ఊరూరా తిరిగేవారు. బాప్తిస్మము తీసుకున్న కొత్త విశ్వాసులను తలమీద చెయ్యి పెట్టుకొని, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అన్న పౌలు మాటను తమ మాటగా పలకమనేవారని సంఘ పెద్దలు చెబుతారు. ఏటా సాక్ష్య వారము పెట్టి, చదువు రాని కూలీలను కూడా ఇద్దరిద్దరుగా, గుంపులుగా పొరుగు ఊళ్ళకు పంపేవారు. వాళ్ళు ఎక్కువమంది మాల మాదిగ కుటుంబాలవారు. ఇతర కులాల ఇళ్ళముందు నిలబడి మాట్లాడడమే అప్పట్లో వారికి సాహసం. చదువు లేదు, భూమి లేదు, గౌరవం లేదు. అయినా పొరుగు కులాలవారు విన్నారు. ఎందుకని? వీళ్ళ బ్రతుకులో మార్పు వాళ్ళ కళ్ళముందే జరిగింది గనుక. మురికి, రోగం, అప్పు, తాగుడు అనే నాలుగు దయ్యాలను వెళ్ళగొట్టాలని అజరయ్యగారు నేర్పించారు. ఆరోగ్య పత్రిక నడిపే మనకు ఇది ఎంత దగ్గరి మాటో చూడండి. సారా మానినవాడు, ఇల్లు వాకిలి శుభ్రంగా పెట్టుకున్న తల్లి చెప్పే సాక్ష్యానికి బరువు ఉంటుంది.

మన పొరుగు హిందూ సోదరులను కూడా ఇక్కడ తలుచుకోవాలి. భద్రాచలం రాముని కొరకు గోల్కొండ చెరసాలలో ఉన్న కంచర్ల గోపన్నను రామదాసు అని ఇప్పటికీ ప్రేమతో పిలుచుకుంటారు. తన భక్తిని దాచుకోనివానిని ఈ నేల గౌరవిస్తుంది. శ్రీరామనవమికి నడిచి వచ్చే యాత్రికుడు తన దేవుని పేరు చెప్పడానికి సిగ్గుపడడు. మనం ఎందుకు సిగ్గుపడాలి? అదే సమయంలో, తన దేవుని అంతగా ప్రేమించేవాని ఎదుట ఆ దేవుని చిన్నచేసి మాట్లాడితే అతడు మన మాట వింటాడా? తిట్టడం సాక్ష్యం కాదు. ధైర్యం అంతకంటే కాదు.

ఉంచుకోవలసిన భయం

ఇప్పుడు మేము మొదట చెప్పిన ఆ ఒక్క భయం సంగతి. అదేమిటంటే, మన చేతిలో ఉన్నవారిని ఇబ్బంది పెడతామేమోనన్న భయం. ఇది ఆసుపత్రి వాళ్ళకు, ఆసుపత్రికి పరామర్శకు వచ్చే సంఘస్థులకు చాలా అవసరం.

అడవి లోపలి గూడెం నుండి జ్వరంతో వణుకుతున్న బిడ్డను ఎత్తుకొని ఒక తల్లి వస్తుంది. తెలుగు సరిగా రాదు. చేతిలో డబ్బు ఉండదు. బిడ్డ చేతికి సెలైన్ పెట్టి ఉంటుంది. అలాంటి తల్లి దగ్గర కూర్చుని మనం ఏమి చెప్పినా తల ఊపుతుంది. ఆ తల ఊపడం విశ్వాసం కాదు. కాదంటే మందు ఇవ్వరేమోనన్న భయం. మన భయం పోగొట్టుకోవడానికి ఆమెకు భయం పెట్టడం న్యాయమేనా? సేవను మత మార్పిడికి సాధనంగా వాడకూడదని గాంధీజీ 1930లలో మిషన్ ఆసుపత్రులకు, బడులకు గట్టిగా చెప్పారు. సువార్త విషయంలో మనం ఆయనతో అన్నిటిలో ఏకీభవించకపోవచ్చు. ఈ ఒక్క హెచ్చరికను మాత్రం ప్రతి మిషన్ ఆసుపత్రి గోడమీద రాసుకోవచ్చని మా అభిప్రాయం.

చట్టం కూడా ఈ తేడాను చూపిస్తుంది. మన రాజ్యాంగం 25వ అధికరణంలో ప్రతివారికీ తన మతాన్ని నమ్మడానికి, ఆచరించడానికి, ప్రచారం చేయడానికి హక్కు ఇచ్చింది. అది ప్రజా శాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి లోబడి ఉండాలన్నది. ప్రచారం అంటే తన మత విషయాలను వివరించి చెప్పడమే గాని, ఇంకొకరిని మతం మార్చే హక్కు కాదని 1977లో సుప్రీంకోర్టు స్టానిస్లాస్ కేసులో తీర్పు ఇచ్చింది. ఒత్తిడి ద్వారా, ఆశ చూపి మతం మార్చడాన్ని నిషేధిస్తూ ఒడిశాలో 1967లో, మధ్యప్రదేశ్‌లో 1968లో చట్టాలు వచ్చాయి. మన సరిహద్దున ఉన్న ఛత్తీస్‌గఢ్ 2000 వరకు ఆ మధ్యప్రదేశ్‌లో భాగమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ప్రభుత్వం గుర్తించిన ఆరాధనా స్థలాల దగ్గర ఇతర మత ప్రచారం చేయరాదని చట్టం వచ్చింది. గుడి దగ్గరకు వెళ్ళి కరపత్రాలు పంచడం ధైర్యమని ఎవరైనా యవ్వనస్థులు అనుకుంటే, అది ధైర్యమూ కాదు, సాక్ష్యమూ కాదని వారికి ప్రేమతో చెప్పండి. మన ఇంటి ముందుకు వచ్చి ఎవరైనా అలా చేస్తే మనకెలా ఉంటుందో ఆలోచిస్తే చాలు.

ఇంకొక ముఖ్యమైన సంగతి నర్సులుగా చెప్పి తీరాలి. "ప్రార్థన చేయించుకున్నావు గదా, ఇక మాత్రలు వద్దు" అని ఎవరూ ఎవరికీ చెప్పకూడదు. క్షయ మాత్రలు సాధారణంగా కనీసం 6 నెలలు వాడాలి. రెండు నెలలకే దగ్గు తగ్గిందని, ఇది స్వస్థత అని మానేస్తే, రోగం తిరగబెట్టి మందులకు లొంగకుండా పోవచ్చు, ఇంట్లో పిల్లలకూ అంటుకోవచ్చు. మూర్ఛ మాత్రలు హఠాత్తుగా ఆపితే ఆగకుండా ఫిట్లు వచ్చి ప్రాణానికే ముప్పు. హెచ్.ఐ.వి. మందులు జీవితాంతం వాడవలసినవి. గిరిజన కుటుంబాల్లో కనిపించే సికిల్ సెల్ జబ్బు తల్లిదండ్రుల నుండి రక్తంలో వచ్చేది. అది శాపం కాదు, ఎవరి పాపానికీ శిక్ష కాదు. ఇవి తెలియకుండా చెప్పే సాక్ష్యం మనిషిని నష్టపరుస్తుంది, ప్రభువు నామానికీ అవమానం తెస్తుంది. ప్రార్థన చేయండి, మాత్ర కూడా వేయించండి. లూకా వైద్యుడే గదా!

సూది నేర్చుకున్నట్టు

మరి భయం పోయేదెలా? నర్సింగ్ విద్యార్థినులు మొదటి సూది వేసే రోజు చూడాలి. పుస్తకం అంతా కంఠతా వచ్చి ఉంటుంది. చెయ్యి మాత్రం వణుకుతుంది. "భయపడకు" అని వందసార్లు చెప్పినా ఆ వణుకు పోదు. ముందు బొమ్మ మీద వేయిస్తారు. తరువాత సీనియర్ సిస్టరు పక్కన నిలబడి ఉండగా రోగికి వేయిస్తారు. పదిమందికి వేసేసరికి చెయ్యి నిలబడుతుంది. సాక్ష్యం కూడా అలాగే నేర్చుకోవాలి. మాకు తోచిన కొన్ని మెట్లు ఇవి.

మొదట మీ సాక్ష్యాన్ని చిన్నది చేసుకోండి. యోహాను సువార్తలో చూపు వచ్చిన గుడ్డివానిని పెద్దలు ఎన్నో ప్రశ్నలు వేశారు. తెలియనివాటికి తెలియదన్నాడు. తనకు జరిగిన ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పాడు. నయమాను భార్య దగ్గర ఉన్న చెరపట్టబడిన చిన్నపిల్ల చెప్పింది కూడా ఒకటే మాట, ఫలానా చోటికి వెళితే బాగవుతుందని. అది తన యజమాని మేలు కోరి చెప్పిన మాట. మీరూ మూడు వాక్యాల్లో చెప్పగలరా? నా బ్రతుకు ఎలా ఉండేది, ప్రభువు ఏమి చేశాడు, ఇప్పుడు ఎలా ఉంది. ఇంతకంటే ఎక్కువ చెప్పవలసిన పని లేదు. తెలియనిది అడిగితే "నాకు తెలియదమ్మా, కనుక్కొని చెబుతాను" అనండి. రెండవ భయం అక్కడే సగం పోతుంది.

రెండవది, ముందు ఇంట్లో చెప్పండి. దయ్యాలు విడిచిన గెరాసేనుల దేశపు మనిషి యేసుతో వెళ్ళిపోతానన్నాడు. ప్రభువు అతనిని తన ఇంటివారి దగ్గరకు పంపాడు. కుటుంబ ప్రార్థనలో మీ పిల్లల ఎదుట ఒక్కసారి చెప్పి చూడండి. ఇంట్లో చెప్పలేనిది వీధిలో చెప్పలేం.

మూడవది, ముందు వినండి. మీ పక్కింటి అక్క మోకాళ్ళ నొప్పులు చెబుతుంది, కొడుకు తాగుడు చెబుతుంది. మధ్యలో అందుకొని ప్రసంగం మొదలు పెట్టకండి. చివరిదాకా వినండి. చేయగల సాయం చేయండి. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. అలాంటి వరదల్లో అన్నం వండి వడ్డించే చేతిని జనం మరచిపోరు. తరువాత ఎప్పుడో "నువ్వెందుకమ్మా మా కోసం ఇంత చేశావు?" అని అడుగుతారు. అదే మీ సమయం.

నాలుగవది, అడిగి ప్రార్థన చేయండి. "మీ కోసం ప్రార్థన చేయమంటారా?" అని అడగండి. సరే అంటే చిన్నగా, వాళ్ళకు అర్థమయ్యే భాషలో చేయండి. వద్దంటే "సరేనమ్మా" అని చిరునవ్వుతో ఊరుకోండి. ఆ తరువాత కూడా అంతే ప్రేమగా ఉండండి. వద్దన్న తరువాత మన ముఖం మారిందంటే అప్పటివరకు చేసిన సేవ వ్యర్థమే. తల్లిదండ్రులు లేకుండా పిల్లలకు ఏమీ చెప్పవద్దు. రోగి ఫోటో గాని, వారి జబ్బు కథ గాని సాక్ష్యం పేరుతో సెల్ ఫోనులో ఎవరికీ పంపవద్దు. అది వారి స్వంత సంగతి.

ఐదవది, ఫలితం మన డ్యూటీ కాదు. మేము మాత్ర ఇస్తాం, గాయం కడుగుతాం. మాంసం పెరిగి పుండు మానడం మా చేతిలో లేదు. మనం చెప్పాలి, మనస్సు మార్చేది దేవుడు. గుంటూరులో 1883 నుండి స్త్రీలకు వైద్యం చేసి, 1898లో ఆసుపత్రి తెరిచిన డాక్టర్ అన్నా కుగ్లర్ గారిని మొదట్లో కొన్ని ఇళ్ళలో ముట్టుకోనివ్వలేదు. ఆమె విసుగు పడలేదు. తరువాత ఏలూరు జమీందారుగారే ఆమె ఆసుపత్రికి వచ్చే రోగుల బంధువుల కొరకు సత్రం కట్టించారు. ఎవరు మారారు, ఎవరు మారలేదు అని లెక్క వేసుకుంటూ కూర్చున్నవారు అలా యాభై ఏళ్ళకు దగ్గరగా నిలబడలేరు.

క్రైస్తవులు కాని మన పాఠకులకు ఒక మాట

ఈ పత్రిక ఓ.పి.లో మీ చేతికి కూడా వస్తుంది. మీరు నొచ్చుకోకూడదని ఈ నాలుగు మాటలు. మన ఆసుపత్రిలో మీకు ఇచ్చే సూది, మందు, మంచం, మర్యాద మీరు ఏ దేవుని కొలుస్తారన్న దానిపై ఆధారపడి ఉండవు. ప్రార్థన వద్దనడానికి మీకు పూర్తి హక్కు ఉంది. మొహమాటపడకుండా వద్దనండి. మీ నమ్మకం గురించి మాకు చెప్పాలనిపిస్తే చెప్పండి, వింటాం. మా సిస్టర్లు ఎందుకు ఈ పని ఎంచుకున్నారని మీరు అడిగితే మాత్రం, వాళ్ళు చెప్పే జవాబులో యేసు ప్రభువు పేరు వస్తుంది. దానిని దాచమని మేము వారికి చెప్పలేం.

సంఘ కుటుంబాలకు మా మనవి ఒక్కటే. "సువార్త చెప్పడానికి పాస్టరుగారున్నారు, ఆసుపత్రిలో చాప్లిన్‌గారున్నారు, బైబిలు స్త్రీలున్నారు" అని తప్పుకోవద్దు. వాళ్ళు మీ పొలం గట్టు మీదికి, మీ బావి దగ్గరికి, మీ ఆటో స్టాండుకు రారు. అక్కడ ఉన్నది మీరే. ఈ వారం ఒక్కరి కష్టం చివరిదాకా వినండి. వాళ్ళు అడిగితే ఒక్క మాట చెప్పండి. గుండె దడదడలాడితే ఆడనివ్వండి, ఐదు నిమిషాల్లో అదే సర్దుకుంటుంది.

ప్రభువు మీ అందరికీ ఆరోగ్యమును, ధైర్యమును, మృదువైన మాటను అనుగ్రహించును గాక.